సోర్స్ ఇస్తే సరిపోదు, బిల్డ్‌కు ఏం కావాలో రాసి ఇవ్వాలి

పోయిన వేసవి సెలవుల్లో ఒంగోలు నుంచి ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు నెల్లూరు వచ్చి నన్ను కలిశారు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ అపాచీ టామ్‌క్యాట్ సోర్స్ కోడ్ తీసుకుని, అందులో చిన్న మార్పు చేసి, తామే బిల్డ్ చేయాలని, అంటే ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవాలని వాళ్ల పట్టుదల. రెడీగా దొరికే జిప్ ఫైలు దించుకుని నడిపించేవాళ్లే ఎక్కువ. అందుకే ఆ కోరిక నాకు బాగా నచ్చింది. కానీ కాలేజీ ల్యాబ్‌లో బిల్డ్ పనిముట్టు ‘యాంట్’ పేరుతో కమాండ్ కొట్టగానే ఏదో డౌన్‌లోడ్ మొదలై, కాసేపటికి ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. ‘‘జావా మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాం సార్. వీడియోలు చూసి చెప్పినవన్నీ చేశాం’’ అన్నారు. అప్పటికి నాలుగు రోజులు పోయాయి. ప్రాజెక్టు ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడి ముగ్గురూ టెన్షన్‌లో ఉన్నారు.

సోర్స్ ఫోల్డర్‌లో పైనే కనిపించే ‘బిల్డింగ్’ అనే టెక్స్ట్ ఫైలు చదివారా అని అడిగాను. చదవలేదు. ప్రాక్సీ (నెట్‌కు మధ్యలో ఉండే సర్వర్) ద్వారా ఇంటర్నెట్ వాడేవాళ్లు ఆ వివరాలను బిల్డ్ ప్రాపర్టీస్ ఫైల్లో ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. ప్రాక్సీ వాడాలా, దాని హోస్ట్ ఏది, పోర్ట్ ఎంత, అంతే. మర్నాడు ల్యాబ్‌కు వెళ్లి ఆ లైన్లు రాసుకున్నారు. బిల్డ్ అయింది.

ఆ పిల్లల తప్పు ఎంచడానికి ఇది చెప్పడం లేదు. కోడ్‌తో వచ్చే టెక్స్ట్ ఫైళ్లు చదవాలని మన చదువుల్లో ఎవరూ నేర్పరు. నా మనసు ఇంకోచోట ఆగింది. ఎక్కడో కూర్చున్న ఎవరో ఒకరు, ప్రాక్సీ వెనక ఉండే మనిషిని తలుచుకుని ఆ లైన్లు రాసిపెట్టారు. రాయకపోయి ఉంటే? సోర్స్ కోడ్ మొత్తం చేతిలో ఉండీ ఈ ముగ్గురూ బయటే నిలబడేవాళ్లు.

ఓపెన్ సోర్స్ లైసెన్స్ మనకు అనుమతి ఇస్తుంది. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ అనుమతి కావలికో, కనిగిరికో, పొదిలికో నిజంగా చేరాలంటే బిల్డ్‌కు ఏమేం కావాలో రాసి ఉండాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పక్క సీట్లో సీనియర్ ఉంటాడు. ‘‘ఆ జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) కాదు, ఇది వేసుకో’’ అని ఒక్క మాటలో తేల్చేస్తాడు. మన దగ్గర ఆ సీనియర్ లేడు. ఆ ఫైలే మనకు సీనియర్. అందుకే బిల్డ్ డిపెండెన్సీలు, అంటే బిల్డ్‌కు కావాల్సినవన్నీ రాయడం కోడ్ రాయడంతో సమానమైన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

టామ్‌క్యాట్ విషయంలో ఈ పనికి పాతికేళ్ల చరిత్ర ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఈ సర్వర్ కోడ్‌ను ఆ కంపెనీ 1999లో అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చింది. దాన్ని రాసిన జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్‌కు అప్పట్లో అందరూ వాడే ‘మేక్’ అనే బిల్డ్ పనిముట్టుతో విసుగొచ్చింది. అందులో ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేస్ పడితే చాలు, బిల్డ్ ఆగిపోతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిచిన మేక్ ఫైలు చాలాసార్లు ఇంకోదాంట్లో నడవదు. దాంతో జావాలోనే సొంతంగా ఒక పనిముట్టు రాసుకున్నాడు. అదే యాంట్. 2000 జులైలో విడిగా విడుదలై, ఆ తర్వాత చాలా ఏళ్లు జావా లోకమంతా వాడింది. అంటే ‘నా దగ్గర బిల్డ్ అవుతోంది, నీ దగ్గర ఎందుకు కాదు’ అనే గొడవ ఈ సర్వర్‌కు పుట్టుకతోనే ఉంది.

టామ్‌క్యాట్ ఇప్పటికీ యాంట్‌తోనే బిల్డ్ అవుతుంది. లైబ్రరీల (ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్) వెనక లైబ్రరీలను యాంట్ తనంతట తాను వెతికి తెచ్చుకోదు. ఏది కావాలో, ఏ వెర్షనో, ఎక్కడ దొరుకుతుందో మనిషి కూర్చుని రాయాలి. పాత పద్ధతి అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. నా దృష్టిలో ఆ ఇబ్బందే మేలు చేసింది. డిఫాల్ట్ బిల్డ్ ప్రాపర్టీస్ ఫైలు తెరిస్తే జేఎస్‌పీ పేజీలను కంపైల్ చేసే ఎక్లిప్స్ కంపైలర్, విండోస్ సర్వీస్‌గా నడపడానికి కామన్స్ డెమన్, విండోస్ ఇన్‌స్టాలర్ తయారీకి ఎన్‌సిస్, పరీక్షలకు జేయూనిట్, ఈజీమాక్, కోడ్ తీరు చూడటానికి చెక్‌స్టైల్ వరసగా కనిపిస్తాయి. ఒక్కోదానికి వెర్షన్, దొరికే చోటు, చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) పక్కపక్కనే రాసి ఉంటాయి. దించుకున్న ఫైలు చెక్‌సమ్ తేడా వస్తే బిల్డ్ అక్కడే ఆగుతుంది.

ఇంతకన్నా నన్ను కదిలించింది ‘మెర్జ్’ అనే ఇంకో చిన్న ఫైలు. కామన్స్ ఫైల్‌అప్‌లోడ్, డీబీసీపీ, బీసీఈఎల్ లాంటి కొన్ని లైబ్రరీల కోడ్‌ను టామ్‌క్యాట్ వాళ్లు బయట నుంచి జార్ ఫైలుగా (కట్టగట్టిన జావా కోడ్‌గా) తెచ్చుకోకుండా, ప్యాకేజీ పేరు మార్చి తమ సోర్స్‌లోనే కలుపుకున్నారు. ఒకసారి కలిసిపోయాక అది ఎవరిదో, ఏనాటిదో మర్చిపోవడం చాలా సులువు. వాళ్లు మర్చిపోలేదు. అసలు ప్రాజెక్టులో ఏ కమిట్ (నమోదైన మార్పు) వరకు తీసుకున్నామో ఒక్కోదానికీ ఆ ఫైల్లో రాస్తారు. రేపు ఆ లైబ్రరీలో లోపం బయటపడితే, మన దగ్గరున్నది లోపం సరిదిద్దకముందుదా, తర్వాతదా అని నిమిషాల్లో చెప్పొచ్చు.

జావా వెర్షన్ దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తడబడతారు. టామ్‌క్యాట్ 9 నడవడానికి జావా 8 చాలు. 10.1కి కనీసం 11 కావాలి, 11కి 17 కావాలి. ఇది నడపడానికి లెక్క. బిల్డ్ చేయడానికి లెక్క వేరు. ఇటీవలి విడుదలలను బిల్డ్ చేయాలంటే అంతకన్నా కొత్త జేడీకే ఉండాలి. కొత్త కంపైలరే పాత జావాలో నడిచే క్లాస్ ఫైళ్లను తయారుచేసి ఇస్తుంది. ఈ రెండు లెక్కలనూ విడివిడిగా రాయకపోతే చదివేవాడు నడపడానికి చెప్పిన వెర్షన్ వేసుకుని, ఎర్రర్ చూసి, తనకే చేతకాలేదని అనుకుంటాడు. చేతకాకపోవడం కాదది, ఎదుటివాళ్లు ఒక లైను రాయకపోవడం.

‘ఇప్పుడు మేవెన్ అనే బిల్డ్ పనిముట్టు ఉంది, దాని పామ్ ఫైల్లో అన్నీ ఉంటాయి, మళ్లీ రాయడం దేనికి’ అని అడుగుతారు. పామ్ ఫైల్లో లైబ్రరీలు ఉంటాయి, నిజమే. ఏ జేడీకేతో బిల్డ్ చేయాలో, ఏ మేవెన్ వెర్షన్ వాడాలో పట్టుబట్టి పెట్టిన ప్రాజెక్టులు నాకు తక్కువే కనిపించాయి. మేవెన్‌కు తోడుగా పనిచేసే ప్లగిన్‌కు వెర్షన్ రాయకపోతే మేవెన్ తనకు తెలిసిన వెర్షన్ తీసుకుంటుంది. మేవెన్ మారితే అదీ మారిపోవచ్చు. ఇక జేడీకే లోపలే దాగిన డిపెండెన్సీల సంగతి 2018లో అందరికీ తెలిసొచ్చింది. ఆ సెప్టెంబరులో వచ్చిన జావా 11 నుంచి ఎక్స్‌ఎంఎల్ డేటాతో పనిచేసే జాక్స్‌బీ లాంటి భాగాలను తీసేశారు. అప్పటిదాకా అవి జావాతోపాటే వచ్చేవి కాబట్టి కావాలని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. కొత్త జేడీకే వేసిన రోజు, ఒక్క అక్షరం మార్చని ప్రాజెక్టులు బిల్డ్ కాకుండా పోయాయి.

దొరికే చోటు కూడా శాశ్వతం కాదు. 2020 జనవరి 15 నుంచి, జావా లైబ్రరీలు దించుకునే మేవెన్ సెంట్రల్ మామూలు హెచ్‌టీటీపీ అడ్రసులను ఒప్పుకోవడం మానేసి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేసింది. అది మంచి నిర్ణయమే. కానీ పాత అడ్రసు రాసి ఉన్న బిల్డ్ ఫైళ్లన్నీ ఆ రోజు నుంచి ఆగిపోయాయి. లైబ్రరీలు దొరికే మరో చోటు బిన్‌ట్రే 2021 మేలో మూతపడింది. ఫలానా వెర్షన్, ఫలానా చెక్‌సమ్ అని రాసి ఉంటే ఆ ఫైలును ఇంకోచోట వెతికి, అదేనని నిర్ధారించుకోవచ్చు. ఉత్త లింకు మాత్రమే ఉంటే లింకుతోపాటే దారి కూడా మూసుకుపోతుంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మాది ఇందుకూరుపేట వైపు ఊరు. మా నాయన రొయ్యల చెరువుల లెక్కలు నోటు పుస్తకంలో రాసేవాడు. ఆయన కోసం టామ్‌క్యాట్ మీద నడిచే చిన్న అప్లికేషన్ రాశాను. మేత, మందులు, పిల్ల వేసిన తేదీ, పట్టుబడి, అన్నీ తెలుగులోనే. నా లినక్స్ మెషీన్‌లో చక్కగా వచ్చింది. ఒక స్నేహితుడు అదే సోర్స్‌ను విండోస్‌లో జేడీకే 11తో బిల్డ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ పిచ్చి గీతలుగా మారిపోయాయి. ఫాంట్ సమస్య అనుకుని రెండు రోజులు దాని వెంట పడ్డాం. అసలు సంగతి ఏమిటంటే, సోర్స్ ఫైళ్లు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి) ఉన్నాయని బిల్డ్ ఫైల్లో నేను చెప్పలేదు. చెప్పకపోతే పాత జావా కంపైలర్ ఆ మెషీన్ అలవాటు ఎన్‌కోడింగ్‌ను తీసుకుంటుంది. విండోస్‌లో అది వేరు. జావా 18 నుంచి యూటీఎఫ్-8ని అన్నిచోట్లా డిఫాల్ట్ చేశారు కాబట్టి కొత్త జేడీకే ఉన్నవాళ్లకు ఈ సమస్యే కనిపించదు. ఇంగ్లిష్ అక్షరాలతో రాసేవాళ్లకు ఇది ఏనాటికీ తెలియదు. తెలుగులో రాసే మనకు మాత్రం ఎన్‌కోడింగ్ కూడా ఒక బిల్డ్ డిపెండెన్సీయే. దాన్ని మనం రాయకపోతే మన కోసం ఇంకెవరూ రాయరు.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి, మన జిల్లాల వాళ్లకు ఈ విషయం చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. 2016లో యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి వెళ్లే పెంపకం రొయ్యల సరుకులో పరీక్షకు తీసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ అవశేషాలు దొరకడమే కారణం. చెరువులో రొయ్య ఎంత నాణ్యంగా కనిపించినా, మంచి కౌంట్ వచ్చినా, పిల్ల ఏ హేచరీది, ఏ మేత వేశారు, ఏ మందు వాడారు అని అడిగినప్పుడు చూపించడానికి రాత ఉండాలి. రైతు రాసుకోకపోతే సరుకు వెనక్కి వచ్చిన రోజు ఎక్కడ తప్పు జరిగిందో ఎవరూ చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్‌కు ఆ రోజు 2021 డిసెంబరులో వచ్చింది. ప్రోగ్రాముల్లో జరిగేవి నమోదు చేసే (లాగింగ్) లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడగానే అందరిదీ ఒకే ప్రశ్న: ‘ఇది మా దగ్గర ఉందా?’ టామ్‌క్యాట్ మామూలుగా తన లాగింగ్‌కు దాన్ని వాడదు. కానీ టామ్‌క్యాట్ మీద నడిచే అప్లికేషన్లలో ఏది వాడుతోందో, ఏ వెర్షనో తెలియక రాత్రంతా జార్ ఫైళ్లు విప్పి చూసుకున్నవాళ్లు ఉన్నారు. జాబితా ఉన్నవాళ్లు సాయంత్రానికల్లా జవాబు చెప్పగలిగారు. మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ‘సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్’పై మార్గదర్శకాలు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కలిశాయో చెప్పే సరుకుల చీటీ అన్నమాట.

అయితే ఆ చీటీ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ఏం కలిసిందో చీటీ చెబుతుంది. ఎలా తయారైందో చెప్పదు. 2024 మార్చిలో బయటపడ్డ, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ పనిముట్టు ఉదంతంలో దొంగ కోడ్‌ను నడిపించే కీలకమైన స్క్రిప్టు అందరూ చూసే గిట్ రిపాజిటరీలో (సోర్స్ ఉంచే చోట) లేదు. విడుదల ప్యాకేజీలో ఉన్న బిల్డ్ ఫైళ్లలో దాన్ని చేర్చారు. సోర్స్ నుంచి ఎవరికి వాళ్లు బిల్డ్ చేసి, వచ్చినది విడుదలైన దానితో బైట్ బైట్‌కూ సరిపోతుందా అని చూసుకునే వీలుంటే ఇలాంటివి దాచడం కష్టమవుతుంది. టామ్‌క్యాట్ ఆ దారిలో చాలా ముందుకు వెళ్లింది. విడుదలకు వాడిన జావా వెర్షన్, యాంట్ వెర్షన్, బిల్డ్ సమయం రాసిపెడుతున్నారు. అవే వాడితే ఎవరైనా అదే ఫైలు మళ్లీ తయారుచేయొచ్చు. నెల్లూరులో కూర్చుని కూడా.

ఇక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నుంచి నాకు ఇంకా కావాల్సినవి ఉన్నాయి. చాలా ప్రాజెక్టుల సూచనలు నెట్ ఎప్పుడూ ఉంటుందన్న ధీమాతో రాసినవే. మొదటి బిల్డ్‌కు ఎంత డేటా దిగుతుందో చెప్పరు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నేర్చుకునే పిల్లలకు అది డబ్బుతో కూడిన సంగతి. నెట్ లేని మెషీన్‌లో ఎలా చేయాలో కూడా చెప్పాలి. టామ్‌క్యాట్‌లో దించుకున్న లైబ్రరీలన్నీ మామూలుగా యూజర్ హోమ్ డైరెక్టరీలో ‘టామ్‌క్యాట్ బిల్డ్ లిబ్స్’ అనే ఒక్క ఫోల్డర్‌లోకి చేరతాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లి ఇంకో మెషీన్‌లో అదే చోట వేస్తే మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు.

రాసేవాళ్లకు ఉండే చిక్కు కూడా నాకు తెలుసు. తన మెషీన్‌లో ఎప్పుడో వేసుకున్నవి తనకు కనిపించవు. అందుకే ఈ సూచనలను రాసినవాళ్లే పరీక్షిస్తే లాభం లేదు. ఏమీ లేని కొత్త మెషీన్ మీద, ఏమీ తెలియని మనిషితో చేయించి చూడాలి.

ఒంగోలు పిల్లలతో అదే చేయించాను. తాము పడిన తిప్పలన్నీ తెలుగులో ఒక పేజీకి ఎక్కించారు. ఏ జేడీకే, ఏ యాంట్, ప్రాక్సీ లైన్లు, పెన్‌డ్రైవ్ పద్ధతి, అన్నీ ఉన్నాయి. ఆ కాగితం మాత్రమే ఇచ్చి ఇద్దరు జూనియర్లను ల్యాబ్‌లో కూర్చోబెట్టి, ఆ ముగ్గురినీ నోరు విప్పకుండా పక్కన నిలబడమన్నాను. జూనియర్లు మూడో లైను దగ్గర ఆగిపోయారు. జావా హోమ్ (జావా ఎక్కడుందో చెప్పే సెట్టింగ్) సెట్ చేయాలని కాగితంలో లేదు. రాసినవాళ్ల మెషీన్లలో అది మొదటి ఏడాది నుంచే ఉంది. ఆ లైను కలిపి, వేరే ఇద్దరు జూనియర్లను పిలిచారు.