ల్యాబ్ కాగితంతో పిచ్చి ముద్రా?

స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని భ్రమలు కలగడం వంటివి ఉండే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారి రక్తంలో సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్‌-6 వంటి, ఒంట్లో వాపును సూచించే ప్రొటీన్లు సగటున ఎక్కువగా ఉంటున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. మాట తగ్గిపోవడం, నలుగురిలో కలవకపోవడం వంటి లక్షణాలతో వీటికి లంకె ఉండొచ్చని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. పరిశోధన సాగాల్సిందే. కానీ దీన్ని పట్టుకుని, ఒక ట్యూబు రక్తమిస్తే మీ అబ్బాయి మనసు సంగతి తేల్చేస్తామని ఎవరు దుకాణం తెరిచినా ఒప్పుకునేది లేదు.

ఇది ఉత్త భయం కాదు. 2010లో అమెరికాలో 'వెరిసైక్‌' పేరిట ఇలాంటి పరీక్షే అమ్మకానికి వచ్చింది. 51 ప్రొటీన్లు కొలిచి స్కిజోఫ్రీనియా నిర్ధారణకు సాయపడతామన్నారు. ధర దాదాపు 2,500 డాలర్లు. కొన్నాళ్లకే అది మార్కెట్లో లేకుండా పోయింది. ఈ జబ్బును రక్తం చూసి తేల్చే పరీక్ష ఇవాళ్టికీ లేదు. డాక్టరు రోగితో, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడి తేల్చాల్సిందే.

సీఆర్పీ అంటే ఏమిటో కరోనా రోజుల్లో ప్రతి ఇంటికీ తెలిసొచ్చింది. జ్వరానికి పెరుగుతుంది, చిగుళ్ల వాపుకు పెరుగుతుంది, పొగతాగేవారిలో, ఒళ్లు వచ్చినవారిలో పెరుగుతుంది. ఈ జబ్బుకు వాడే ఒలాంజపిన్‌తో చాలామంది బరువు పెరుగుతారు. మరి రిపోర్టులోని అంకె జబ్బుదా, మందుదా, సిగరెట్‌దా? జబ్బున్నా ఈ అంకెలు మామూలుగానే ఉండేవారు బోలెడుమంది. 'రిపోర్టు నార్మల్‌' అని వాళ్లను ఇంటికి పంపేస్తారా?

ముందే పసిగడితే వైద్యం త్వరగా అందుతుందన్న వాదన ఉంది. 2007లో బయటపడ్డ, మానసిక జబ్బులా కనిపించే మెదడు వాపు ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్‌ను ఉదాహరణ చూపిస్తారు. అక్కడ మెదడు మీద దాడి చేసే యాంటీబాడీ ఏదో కచ్చితంగా తెలుసు. అది వేరే జబ్బు. దాని పేరు చెప్పి సీఆర్పీని అమ్మడం మోసం.

మా భయమల్లా ఆ కాగితం తర్వాత ఎక్కడెక్కడికి వెళ్తుందన్నదే. హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణమయ్యే మానసిక రుగ్మతల వివరణలో స్కిజోఫ్రీనియా పేరు నేరుగా ఉంది. ఒక్క కేసులో ఇలాంటి రిపోర్టును సాక్ష్యంగా పట్టించుకుంటే చాలు, రేపు పెళ్లిచూపుల్లో అడుగుతారు, ఎల్లుండి ఉద్యోగంలో అడుగుతారు. మానసిక జబ్బును గుర్తింపు పొందిన వైద్య ప్రమాణాల ప్రకారమే నిర్ధారించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆరోగ్యశాఖలు ఆ నిబంధనను ల్యాబ్‌లకు ఇప్పుడే గుర్తుచేయాలి, ఎవరి సంసారమో కూలాక కాదు. రోగి మాట వినడానికి అరగంట తీరిక లేని డాక్టర్లు కూడా రక్తపరీక్ష వెనక దాక్కోవాలని చూడొద్దు.