ఆ ‘లాంగ్ రేంజ్ రైఫిల్’ మెసేజ్ ఇక నాకు పంపొద్దు

ఈ వారంలోనే నలుగురు పంపారు. చివరిగా పంపింది మా బామ్మర్ది. కింద ‘చూసినావా బావా, నువ్వేమో ఊరికే లక్షలు లక్షలంటావు’ అని ఒక ముక్క కూడా చేర్చాడు.

ఆ మెసేజ్‌లో ఉన్నది ఇది. 25 వేలలో ఇంట్లోనే మూడు వందల మీటర్లు కొట్టే లాంగ్ రేంజ్ రైఫిల్ సెట్ చేసుకోవచ్చట. ఎయిర్ గన్ కాబట్టి లైసెన్స్ అక్కర్లేదట. వేగం ఎక్కువైతే గురి బాగుంటుందట, అందుకే సెకనుకు 1250 అడుగుల వేగం ఉన్నది, వీలైతే .22 బోరుది (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) కొనాలట. దాని మీద 24 రెట్లు పెద్దగా చూపించే స్కోపు బిగించాలట. డాబా మీద కడప బండ నిలబెట్టి, దానికి కాగితం అంటించి ప్రాక్టీస్ చేయాలట. స్ప్రింగ్ బలంతో కాల్చే స్ప్రింగ్ రైఫిల్ చాలు, ముందే నింపి పెట్టిన గాలితో కాల్చే పీసీపీ జోలికి పోవద్దట.

లైసెన్స్ సంగతి ముందు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు .177, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకూడదు. గొట్టం చివర శక్తి 20 జౌల్స్ దాటకూడదు. ఈ రెండు హద్దుల్లోనూ ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు. .22 అంటే అయిదున్నర మిల్లీమీటర్లు, అది అక్కడే పోయింది. ఇక 1250 అడుగులంటే సెకనుకు 381 మీటర్లు. అర గ్రాము పెల్లెట్, అంటే ఎయిర్ గన్‌లో వేసే సీసం గుండు, ఆ వేగంతో పోతే 36 జౌల్స్. అంటే కొనమన్న రెండు రకాలకూ లైసెన్స్ కావాలి. పంపిన నలుగురిలో ఒక్కరైనా లెక్క వేసి చూడలేదు.

వేగం ఎక్కువైతే గురి బాగుంటుందన్నది ఇంకో తప్పు. నడుము సన్నగా ఉండే ఈ పెల్లెట్ ధ్వని వేగం దగ్గరికి వెళ్తే గాలిలో ఊగిపోతుంది. పది మీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్ల వేగం సెకనుకు 170 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టింది ఆ ఈవెంట్‌లోనే, స్కోపు లేకుండానే. అసలు ఆ పోటీలో స్కోపు పెట్టనివ్వరు.

స్కోపు గురించి రెండు మాటలు చాలు. స్ప్రింగ్ రైఫిల్ ముందుకూ వెనక్కూ రెండుసార్లు అదురుతుంది. మామూలు స్కోపు ఆ అదురుకు నెలల్లో పాడవుతుంది. పైగా మన కడపలో ఏప్రిల్ ఎండకు పొద్దున పది దాటితే చాలు, యాభై మీటర్ల దూరంలో పెట్టిన కాగితం నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. 24 రెట్లు పెంచితే ఆ కదలికా 24 రెట్లు కనిపిస్తుంది.

గాలి ఊసే ఆ మెసేజ్‌లో లేదు. గాలిమరలు పెట్టుకున్న సీమలో ఉంటూ గాలిని మరిచిపోతే ఎట్లా? యాభై మీటర్లలో ఒక మోస్తరు అడ్డగాలికే పెల్లెట్ నాలుగు వేళ్ల మేర పక్కకు పోతుంది. వీళ్లేమో మూడు వందల మీటర్లంటున్నారు.

ఇవన్నీ డబ్బు దండగ చేసే మాటలు. కడప బండ మాట అట్లా కాదు. నాకు కోపం వచ్చింది దానికే.

ఆరేళ్ల కిందట నేనూ అదే పని చేశాను. పిట్టగోడకు బండ ఆనించి, కాగితం అంటించి, పది మీటర్ల నుంచి కాల్చాను. మూడో దెబ్బకు నా వెనక ‘టప్’మని చప్పుడైంది. ఎండబెట్టిన మిరపకాయల్లో వెతికితే చదునైన సీసం బిళ్ల దొరికింది. అంచులు చిరిగి, బ్లేడులా ఉన్నాయి. అక్కడికి మూరెడు దూరంలో ఏడేళ్ల మా వాడు కూర్చుని మిరపకాయలు తిరగేస్తున్నాడు. వాడి కళ్లు ఆ ఎత్తులోనే ఉన్నాయి. ఆ సాయంత్రం నాకు అన్నం దిగలేదు.

బండ సీసాన్ని మింగదు, తిప్పి కొడుతుంది. గురి తప్పిందా, పెల్లెట్ పిట్టగోడ దాటి వందల మీటర్లు పోగలదు. ఎండాకాలం పక్క డాబాల మీద జనం పడుకుని ఉంటారు. ఈ మెసేజ్ రాసిన మనిషి ఆ బండ ఎదుట తన బిడ్డను కూర్చోబెట్టి కాలుస్తాడా? కాల్చడు కదా. మరి మన పిల్లల ముందు కాల్చమని ఎందుకు చెప్తున్నాడు? పంపేవాళ్లు పంపే ముందు ఆ ఒక్క ముక్క చదవరా?

ఇంట్లోనే నేర్చుకోవాలంటే పది మీటర్లు చాలు. చెక్కపెట్టెలో పాత చీరలు, గోనెలు గట్టిగా కుక్కి, దాని వెనక ఇసుక మూట పెట్టండి. ఆ వెనక మనిషి కంటే ఎత్తయిన గోడ ఉండాలి. మెట్ల తలుపుకు గొళ్లెం పెట్టాకే పెల్లెట్ ఎక్కించండి. కళ్లద్దాలు పెట్టుకోండి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏదీ నోట్లో పెట్టుకోవద్దు, అది సీసం.

ఇక పీసీపీ వద్దన్న మాట. అది నిజం. నేను చాలా ఏళ్లు దీనికి ఎదురు వాదించాను, నాదే తప్పు. స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ గొట్టం దాటకముందే రైఫిల్ కదులుతుంది. గట్టిగా బిగబట్టినా, ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తినా కాగితం మీద వెంటనే తెలిసిపోతుంది. పీసీపీ ఆ తప్పుల్ని చాలావరకు దాచేస్తుంది. పీసీపీతో మొదలుపెట్టిన ఇద్దరు కుర్రాళ్లకు ఆ అలవాట్లు మాన్పించలేక నేను పడిన అవస్థ నాకు తెలుసు.

బామ్మర్దీ, ఆదివారం పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే రా. నా పాత స్ప్రింగ్ రైఫిల్ తుడిచి పెడతాను. మిరపకాయల్లో దొరికిన బిళ్ల అగ్గిపెట్టెలో దాచాను. ముందు దాన్ని చేతిలో పట్టుకుని చూడు, తర్వాత కాలుద్దాం.