ఔట్ పంచ్ లేని కాన్పు

మా అన్నయ్య కూతురు సౌమ్య గైనిక్‌లో పీజీ చేస్తోంది. రెండో సంవత్సరం. పోయిన నెల ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమం. కాలేజీ రికార్డులో మాత్రం ఆ రోజు సౌమ్య గైర్హాజరు.

ఎక్కడికో పోయిందనుకునేరు. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకొచ్చి హాజరు మెషిన్ మీద వేలు పెట్టింది. లేబర్ రూమ్‌లో ముగ్గురికి పురుడు పోసింది. నాలుగో పురుడు తనదే. డాక్టరుగా లోపలికెళ్లిన మనిషి మధ్యాహ్నానికి అదే వార్డులో పేషెంటై పడుకుంటే, సాయంత్రం కిందికి దిగి, వెళ్తున్నానని మళ్లీ వేలు పెట్టి ఔట్ పంచ్ ఎవరు కొడతారు? మూడు రోజులు ఆసుపత్రి గడప దాటని పిల్లను ఆసుపత్రిలో లేదని రాశారు.

నేను ట్రెజరీలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఇంట్లో ఏ కాగితం ఇరుక్కున్నా అది నా దగ్గరికే వస్తుంది. "నువ్వైతే వాళ్ల భాషలో మాట్లాడతావురా" అని అన్నయ్య ఫైలు నా చేతిలో పెట్టాడు. సౌమ్య మొగుణ్ణి వెంటబెట్టుకుని మలక్‌పేటలో మెట్రో ఎక్కాను. దారి పొడుగునా ఆ అబ్బాయికి లెక్క చెబుతూనే ఉన్నాను. పాపం, సాఫ్ట్‌వేర్ వాడు, లెక్కలకి లాజిక్ ఉంటుందనుకుంటాడు.

లెక్క ఇదీ. పీజీలో ప్రతి ఏడాదీ 80 శాతం హాజరు ఉండాలి. 365లో 80 శాతమంటే 292. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఏడాదికి 20 రోజులు స్టైపెండ్ కోయని సెలవు. ప్రసూతి సెలవు ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇవ్వాలని కూడా వాటిలోనే ఉంది. చట్టంలో 12 వారాలున్న ప్రసూతి సెలవును 2017లో 26 వారాలు చేశారు. 26 వారాలంటే 182 రోజులు. ఆ లెక్కన సెలవిస్తే, మిగిలిన 183 రోజులూ సంక్రాంతికీ జ్వరానికీ కూడా ఆగకుండా వచ్చినా హాజరు 50 శాతం దగ్గరే ఆగుతుంది. తక్కువపడ్డ రోజులకి కోర్సు పొడిగిస్తారు. మా ట్రెజరీలో అయితే దీన్ని సెలవు పద్దులో రాసేవాళ్లం కాదు, అడ్వాన్సు పద్దులో రాసేవాళ్లం. చివర్లో పూర్తి రికవరీ ఉంది కాబట్టి.

పొడిగించడం అన్యాయమని నేననను. పొట్ట కోసేవాళ్లు పూర్తిగా నేర్చుకునే కోయాలి, అది మన పొట్టకే మంచిది. కానీ మూడేళ్ల కోర్సులోనే మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి, పరీక్షకి ఆరు నెలల ముందే థీసిస్ ఇవ్వాలి, వీటి మధ్యలో ఎక్కడో బిడ్డను కూడా కనాలి. పైగా సెలవడిగితే "నువ్వు స్టూడెంటువి కదమ్మా" అంటారు. ఫీజు కట్టేటప్పుడూ స్టూడెంటే. రాత్రి డ్యూటీకి మనిషి తక్కువైతే మాత్రం డాక్టరుగారు.

అందుకే సౌమ్య చివరిదాకా పనిచేస్తానంది. కాన్పుకి ముందు 8 వారాల దాకా సెలవు తీసుకోవచ్చని చట్టంలో ఉన్నా, ముందు మిగిల్చిన ప్రతి రోజూ తర్వాత బిడ్డ దగ్గర గడపొచ్చని దాని ఆశ. సోమవారం నుంచి సెలవు కావాలని అప్లికేషన్ పెట్టింది. బిడ్డ శుక్రవారమే వచ్చింది. 37 వారాలు నిండాక ఎప్పుడైనా నొప్పులు రావచ్చు, సంచి సర్దుకుని ఉండమ్మా అని ఓపీలో అందరికీ చెప్పే పిల్ల ఇది. దాని సంచి ఇంట్లోనే ఉంది, అదీ సర్దకుండా.

ఆ మెషిన్‌తో దానికి ముందు నుంచీ పడదు. రోజూ ఆపరేషన్లకి చేతులు రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలు సగం అరిగాయి. తొమ్మిదో నెలలో వేళ్లు ఉబ్బి మిగతా సగం మాయమయ్యాయి. బొటనవేలు పెడితే మళ్లీ ప్రయత్నించండి, చూపుడు వేలు పెడితే మళ్లీ ప్రయత్నించండి. ఈలోపు వెనక జూనియర్ల క్యూ. ఆ శుక్రవారం మాత్రం మొదటిసారికే తీసుకుందట.

కాలేజీలో హాజరు చూసే సెక్షన్‌లో ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, తర్వాత కొర్రీ వేశాడు.

"ఇన్ పంచ్ ఉంది సార్. ఔట్ పంచ్ లేదు. సిస్టమ్ ఆబ్సెంట్ అనే చూపిస్తది. నేనేం చెయ్యాలె?"

"ఆ రోజు ఆసుపత్రిలోనే ఉంది. ఇదిగో కేస్ షీట్."

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నిదానంగా చదివాడు. తర్వాత నా వైపు జాలిగా చూశాడు.

"ఇండ్ల ఆక్యుపేషన్ హౌస్ వైఫ్ అని ఉంది సార్. మా పీజీ డాక్టర్ హౌస్ వైఫ్ ఎట్లయితది? ఈ సౌమ్య వేరే సౌమ్య అయ్యుంటది."

ఎవరో హౌస్ సర్జన్ కుర్రాడు అలవాటుగా రాసేశాడు. పొద్దుటి నుంచి తనకి పని చెబుతున్న మేడమే బల్ల మీద పడుకుని ఉన్నా, కేస్ షీట్ చేతికొస్తే వాడి పెన్ను హౌస్ వైఫ్ అనే రాస్తుంది. అదే మాట జనన నమోదు ఫారంలో తల్లి వృత్తి దగ్గరికీ ఎక్కింది. ఈ గొడవ విని మా వదిన, "తప్పేముంది? ముప్పై ఏళ్లుగా నాకు ఒక్క సీఎల్ లేదు, హాజరు నూటికి నూరు" అంది. అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ కొర్రీ విని నాకు ముచ్చటేసింది. సర్వీసంతా నేనూ ఇలాంటివి వేసినవాణ్నే, కానీ మనిషిని పట్టుకుని ఆ మనిషి కాదనేంత ఎత్తుకి నేనెప్పుడూ పోలేదు. పక్కన అల్లుడికి మాత్రం చెమటలు పడుతున్నాయి.

"పురుడు పోసింది మీ హెచ్‌ఓడీ మేడమే. ఆవిడ చేత రాయించుకొస్తే చాలా?" అన్నాను.

"మంచిగ చాలు సార్."

మేడమ్ ఆపరేషన్ థియేటర్ బయట నిలబడే రెండు లైన్లు రాసి సంతకం పెట్టారు. డాక్టర్ సౌమ్య ఆ రోజు ఉదయం ఎనిమిది నుంచి లేబర్ రూమ్‌లోనే ఉన్నారు, మర్నాడు కూడా ఆసుపత్రిలోనే ఉన్నారు అని. తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చదివి పెన్ను మూత తీశాడు.

"ఉన్నరని రాసిన్రు. ఏ హోదాల ఉన్నరో రాయలే."

మళ్లీ మూడంతస్తులెక్కాం. లిఫ్టు పేషెంట్లకి మాత్రమే. మేడమ్ కాగితం చూసి నవ్వాపుకుని, కింద "రెండు హోదాల్లోనూ" అని రాసి మళ్లీ సంతకం చేశారు.

ఆయనకి అది నచ్చింది. మెత్తబడి, "ఒక పని చేద్దాం సార్. సగం రోజు డ్యూటీ, సగం రోజు సీఎల్. మెటర్నిటీ లీవ్ మర్నాటి నుంచి. ఆబ్సెంట్ పోతది, అందరికీ మంచిది" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. చేతికందిన పరిష్కారాన్ని పరీక్షించకూడదని నాకు తెలుసు.

"సగమంటే ఏ సగం? ఫోర్‌నూనా, ఆఫ్టర్‌నూనా? అది రాయాలె. నొప్పులు ఎప్పుడు మొదలైనయి?"

అల్లుడు సౌమ్యకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. వెనక పాప ఏడుస్తోంది.

"సౌమ్యా, నొప్పులు ఎన్నింటికి మొదలయ్యాయమ్మా? సారు రాసుకుంటున్నారు" అన్నాను. మధ్యాహ్నమని చెప్పవే తల్లీ అని మనసులో అనుకుంటూనే.

"పొద్దున నాలుగింటి నుంచే బాబాయ్! రౌండ్స్ అయ్యాక చూసుకుందాంలే అనుకున్నా."

ఆయన రాసింది కొట్టేశాడు.

"అట్లయితే ఫుల్ డే లీవ్ పెట్టాలె డాక్టరమ్మా."