కొస్సోలా మాటను రెండోసారి లాక్కున్నదెవరు?

బానిసత్వం మీద వచ్చిన సాహిత్యాన్ని మనం ఎక్కువగా అక్షరం గెలిచిన కథగానే చదువుకున్నాం. అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ యజమాని వద్దన్నా చదువు నేర్చాడు, 1845లో ఆత్మకథ రాసి అమెరికాను కదిలించాడు. గొప్ప సంగతే. అయితే ఆ అక్షరం రాకముందు బానిసల నోట్లో ఉన్న భాష ఏమైందని మాత్రం మనం అడగలేదు. అడిగితే, కొస్సోలా అనే ఒకప్పటి బానిస చెప్పిన జీవితకథను నల్లజాతి అమెరికన్ రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ రాసిన ‘బరాకూన్’ అనే పుస్తకం దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

బానిసల దిగుమతిని అమెరికా నిషేధించి యాభై ఏళ్లు దాటాక, 1860లో, క్లోటిల్డా అనే ఓడ పశ్చిమాఫ్రికా నుంచి 110 మంది దాకా అలబామాకు దొంగచాటుగా తెచ్చింది. యజమానులు వాళ్లను పంచుకున్నారు. వాళ్లలో కొస్సోలా ఒకడు. యజమానికి ఆ పేరు నోరు తిరగకపోవడంతో కడ్జో అయ్యాడు. స్వేచ్ఛ వచ్చాక తోటివాళ్లతో కలిసి ఆఫ్రికాటౌన్ కట్టుకున్నాడు. పిల్లలకు రెండేసి పేర్లు పెట్టాడు: ఒకటి సొంత ఊరిని మరిచిపోకుండా, ఇంకొకటి అమెరికావాళ్లు పలకడానికి వీలుగా. ఆ పిల్లలంతా ఆయన కళ్లముందే పోయారు, భార్యా పోయింది. హర్‌స్టన్ వెళ్లి ‘కొస్సోలా’ అని పిలిస్తే ముసలాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. అలా పిలిచేవాళ్లు అప్పటికి ఆయనకు మిగల్లేదు మరి!

నన్ను ఎక్కువ మండించేది దీని తర్వాతి కథ. ఆయన చెప్పింది చెప్పినట్టే, ఆయన ఇంగ్లిష్‌లోనే, ఆ యాసతోనే హర్‌స్టన్ రాసింది. 1931లో వైకింగ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ ఆసక్తి చూపింది, కానీ యాస తీసేసి ‘భాష’లో, అంటే ప్రామాణిక ఇంగ్లిష్‌లో, రాసిమ్మంది. ఆమె ఒప్పుకోలేదు. పుస్తకం బయటికొచ్చింది 2018లో. అప్పటికి ఆమె చనిపోయి 58 ఏళ్లు. సొంత భాషను ఓడలో ఎక్కించినవాళ్లు లాక్కున్నారు సరే, దొరికిన పరాయి మాటలతో ఆయన కట్టుకున్న భాషను అసలు భాషే కాదన్నది చదువుకున్న సంపాదకులు. మొదటివాళ్లను నేరస్తులంటాం. రెండోవాళ్లను ‘ప్రమాణాలు ఉన్నవాళ్లు’ అంటాం.

నల్లవాళ్ల యాసను అచ్చువేయడం వాళ్లను వెక్కిరించడమే అనేవాళ్లున్నారు. తెల్ల రచయితలు చాలామంది ఆ పాపం చేసిన మాట నిజమే. కానీ అక్కడ యాస నవ్వించడానికి వచ్చే పాత్రలది. ఇక్కడ కథ చెబుతున్నది కొస్సోలాయే. ఆయన వాక్యాల్ని సరిదిద్దితే మిగిలేది ఎవరి కథ?

ఈ ‘ప్రమాణం’ జబ్బు అక్కడితో ఆగలేదు. 1996లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ స్కూల్ బోర్డు, నల్లపిల్లల ఇంటి మాటను భాషగా గుర్తించి దాని ఆసరాతో ఇంగ్లిష్ నేర్పుదామంటే దేశమంతా పగలబడి నవ్వింది. కొన్ని వారాల్లోనే బోర్డు తీర్మానాన్ని మార్చుకుంది. పిల్లవాడి నోటిని ముందు తప్పు అనిపించాకే చదువు మొదలవ్వాలన్న పట్టుదల ఎంత పాతదో చూడండి.

రేపు ఎవరైనా కొస్సోలాను తెలుగులో మాట్లాడించబోతే, ఆయనకు దినపత్రిక తెలుగు తొడుగుతారేమోనని నా భయం. అలా చేస్తే 1931 నాటి షరతుకు మనమూ సంతకం పెట్టినట్టే.