లేని కార్బురేటర్‌కు అభ్యంగన స్నానం

మా బావ చేతికి ఈమధ్య ఒక గ్యారేజీ బిల్లు వచ్చింది. అందులో మూడో వరుసలో 'కార్బురేటర్ క్లీనింగ్ - 1,800' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. కారేమో 1990 నాటి మాజ్డా ఎంఎక్స్-5. రెండే సీట్లు, మడిచే టాపు, స్విచ్ వేస్తే కనుబొమలెత్తి చూసే హెడ్‌లైట్లు. సింగపూర్ ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు అందరూ టీవీలు తెచ్చుకుంటే ఈయన దీన్ని ఓడెక్కించుకొచ్చాడు. గాలినీ పెట్రోల్‌నూ కలిపి ఇంజిన్‌కు పంపేది కార్బురేటర్. ఆ కారుకు అది లేదు. 1989లో షికాగో ప్రదర్శనలో తొలిసారి జనానికి చూపించిన రోజున కూడా లేదు. పుట్టడమే, కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మించే ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో పుట్టింది.

తొందరపడి ఎవరినీ నిందించకూడదు. ఉన్న కార్బురేటర్‌ను ఎవడైనా కడుగుతాడు. లేనిదాన్ని విప్పి, పెట్రోల్‌లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, గాలి కొట్టి ఆరబెట్టి, తిరిగి లేని చోటే బిగించాలంటే ఎంత సాధన కావాలి? జగత్తంతా మిథ్య అని ఆదిశంకరులు చెప్పారు గానీ, మిథ్యకు లేబర్ ఛార్జి వేయొచ్చని ఆయనకు కూడా తట్టలేదు. బావ ఉండబట్టలేక అడిగితే హెడ్ మెకానిక్ గారు తొణక్కుండా చెప్పారు: "బాగా మడ్డి పట్టేసిందండీ. కడిగితే నల్లగా వచ్చింది." వచ్చే ఉంటుంది.

ఇంతకీ కారుకొచ్చిన జబ్బు పెద్దదేం కాదు. విశాఖ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే ఇంజిన్ తనంతట తాను లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. ముందు వైపు నుంచి సన్నగా 'ఇస్స్' మని చప్పుడు. మోటారు వాసన తెలిసినవాడెవడైనా ఎక్కడో వ్యాక్యూమ్ పైపు చిరిగిందని వెంటనే అంటాడు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ గాలిని గట్టిగా పీలుస్తుంటుంది. గాలిని సిలిండర్లకు పంచే మేనిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ తగిలిస్తే ముల్లు పాదరసం కొలతలో దాదాపు 18 నుంచి 22 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. ఆ పీల్పుతోనే బ్రేకు తొక్కే కాలికి బలం కలిపే బ్రేక్ సర్వో పనిచేస్తుంది, పెట్రోల్ ఒత్తిడిని సరిచూసే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ పనిచేస్తుంది. రబ్బరు పైపుల పని ఆ పీల్పును అక్కడికి చేర్చడం. లోపలికొచ్చే గాలిని ద్వారం దగ్గర ఒక రేకు తలుపు కొలుస్తుంది, ఆ కొలతను బట్టే కంప్యూటర్ పెట్రోల్ చిమ్మిస్తుంది. చిరుగులోంచి దూరిన గాలి పోర్టులో కస్టమ్స్ కంట పడకుండా దిగిన సరుకు. దాని పేర ఎక్కడా చీటీ ఉండదు, పెట్రోల్ కేటాయింపూ ఉండదు. ఇంజిన్ ఊగేది అందుకే.

దాన్ని పట్టుకోవడానికి కావలసిన ముఖ్యమైన పరికరం చెవి. మూరెడు ట్యూబు తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఒక్కో పైపు మీదా జరుపుతూ పోతే చిరుగే పిలుస్తుంది. లేదంటే ఒక్కో పైపునూ మెల్లగా నొక్కి చూడొచ్చు, దేన్ని నొక్కితే ఇంజిన్ స్థిమితపడుతుందో అదే దొంగ. కొందరు కార్బ్ క్లీనర్ స్ప్రే కొడతారు. కాలుతున్న ఎగ్జాస్ట్ పక్కన ఆ పని చేసేవాళ్లు ఫైర్ స్టేషన్ నంబర్ కూడా దగ్గర పెట్టుకోవాలి. నీళ్లు చిలకరించినా చాలు, చిరుగు వాటిని పీల్చగానే ఇంజిన్ గొంతు మారుతుంది. మొత్తమ్మీద ఓ గంట పని.

కానీ గంటలో తేలిపోతే షెడ్డు పరువేం కావాలి? బానెట్ చుట్టూ పెద్దలంతా చేరారు. ఒకాయన ప్లగ్గులన్నారు. మార్చారు, ఊపు తగ్గలేదు. ఒకాయన పెట్రోల్ పంపన్నారు. స్కూటర్‌కు గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి హెడ్‌లైట్లు లేపేది వ్యాక్యూమేనని, లోపమంతా అక్కడేనని తేల్చేశాడు. అది 1968 నాటి అమెరికా కారు కార్వెట్ సంగతి. ఈ కారులో వాటిని లేపేవి కరెంటు మోటార్లు. అయినా ఆయన మాట తీసేయలేక లైట్లు ఎత్తించి, దించి, మళ్లీ ఎత్తించి చూశారు. మరొకాయన బీచ్ గాలి అన్నారు. విశాఖలో ఫ్రిజ్ పోయినా, పెళ్లి సంబంధం తప్పినా బీచ్ గాలే కారణం. ఉప్పుగాలి ఇనుప క్లిప్పుల్ని తినే మాట నిజమే గానీ, రబ్బరును బిరుసెక్కించి బీటలు తీయించింది ముప్పై ఏళ్ల ఇంజిన్ వేడి. సముద్రానికి ఈ కేసుతో సంబంధం లేదు.

అప్పుడు కారు కంప్యూటర్‌కు తగిలించి లోపాలు చదివే స్కానర్ వచ్చింది. అందరూ పక్కకు జరిగారు. ఒక కుర్రాడు సెల్‌ఫోన్ టార్చి పళ్ల మధ్య బిగించి, తలకిందులుగా డ్యాష్‌బోర్డ్ కిందికి దూరాడు. బయటికి కాళ్లే కనిపిస్తున్నాయి.

"సాకెట్ దొరికిందేట్రా?"

"లేదండీ."

"కుడి పక్క సూడు."

"సూసేనండీ."

సీట్లు పీకారు. డిక్కీ ఖాళీ చేశారు. స్టెప్నీ కింద పాత సింగపూర్ నాణెం ఒకటి దొరికితే బావకు భద్రంగా అప్పగించారు, ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. సాకెట్ మాత్రం దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అమెరికాలోనే కార్లకు ఆ పదహారు పిన్నుల సాకెట్ తప్పనిసరి అయింది 1996లో. దీనికున్నది బానెట్ కింద ఒక చిన్న డబ్బా. రెండు పిన్నుల్ని వైరు ముక్కతో కలిపితే బల్బు మిణుకుతూ కోడ్ చెబుతుంది. అందరూ మోచేతులు ఆనించుకున్నది దాని పక్కనే. పెద్దాయన స్కానర్ వైరు చుట్టి తీర్పు చెప్పారు: "కంప్యూటరే పోయింది సార్. అందుకే కనెక్ట్ అవ్వట్లేదు."

ఈలోపు టీ గ్లాసులు పట్టుకొచ్చిన పిల్లాడు బానెట్ మీదికి వంగి, "ఇక్కడేదో బుస్సుమంతందన్నా" అన్నాడు. వెళ్లి సమోసాలు తెమ్మన్నారు.

సమోసాలు తిన్నాక పిల్లాడి మాట మీద పని జరిగినట్టుంది. మర్నాడు ఇంజిన్ నిదానంగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. బావ బిల్లు కట్టి బయల్దేరాడు. బ్రేక్ పెడల్ ఎందుకో బిరుసుగా ఉందని ఇంటికి చేరకముందే ఫోన్ చేస్తే, "కొత్త ప్యాడ్లు కదండీ, నాలుగు రోజులు తిరిగితే సెట్టయిపోద్ది" అన్నారు. సరేనని అక్కను ఎక్కించుకుని సింహాచలం వెళ్లాడు. దర్శనం బాగానే జరిగింది. దిగేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో కాలు వేస్తే పెడల్ రాయిలా ఉంది. సీటుకు వీపు అదిమిపెట్టి రెండు కాళ్లతో తొక్కితే కారు ఏదో మొహమాటానికి తగ్గింది. సెకండ్ గేరు, హ్యాండ్ బ్రేకు, అక్క నోట నరసింహ నామం. కొండ కింద తొలి పావంచా దాకా అలా వచ్చారు.

బానెట్ ఎత్తి చూస్తే, బ్రేక్ సర్వోకు వెళ్లే పైపు నోట్లో బోల్టు కుక్కి, పైన కొత్త క్లిప్పు బిగించి ఉంది. చిరిగింది ఆ పైపే. అంటే వాళ్లకు జబ్బు దొరికింది. దొరికాక కూడా పైపు మార్చలేదు, నోరు నొక్కేశారు. గాలి దూరడం ఆగింది, ఇంజిన్ నిమ్మళించింది, చప్పుడు పోయింది, దాంతోపాటు బ్రేకుకు ఉన్న సాయమంతా పోయింది. యాక్సిలరేటర్ వదిలేసి గేరులో కొండ దిగేటప్పుడే ఇంజిన్ అన్నిటికంటే గట్టిగా పీలుస్తుంది, సర్వోకు అప్పుడే నిండా బలం ఉండాలి. సరిగ్గా అక్కడ బోల్టు. దాన్ని పెట్టిన చేతికి ఆ పైపు ఎక్కడికి పోతుందో తెలియకపోతే ఆ చెయ్యి కారు ముట్టుకోకూడదు. తెలిసే పెట్టి ఉంటే దాన్ని రిపేరు అనకూడదు, అది చంపడానికి తెగించడం. ప్యాడ్లని ఫోన్‌లో అబద్ధమాడినాయనకు మాత్రం కచ్చితంగా తెలుసు. లేని కార్బురేటర్ కడిగినందుకు 1,800 తీసుకోండి, మీ పిల్లల ఫీజులకు పనికొస్తాయి. మా అక్క ప్రాణం ఏ వరుసలో రాశారు?

1948లో జల ఉష ఓడను కట్టి నీళ్లలోకి దించిన ఊరండీ ఇది. బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడండి, తలెత్తినా దించినా పైపులే. ఒక్కటి తేడా చేస్తే సముద్రం లోపలికొచ్చే యంత్రాన్ని నడిపినవాళ్లు మన వీధుల్లో రిటైరై కూరగాయలు కొనుక్కుంటున్నారు. అదే ఊళ్లో ఒక మూరెడు రబ్బరు ముక్క మార్చే ఓపిక లేక బోల్టు కొడతారా?

చివరికి ఆ పైపు బావే మార్చాడు. లోపల నేత ఉన్న దళసరి రకం, పీల్పుకు కుంగిపోనిది, సర్వో కోసమే చేసింది. అక్వేరియం ట్యూబు, గ్యాస్ స్టవ్ గొట్టం అక్కడ పనికిరావు. గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ కూడా కొత్తది వేశాడు. మిగతా సన్న పైపులు సిలికాన్‌వి వేసి, ఆయిల్ ఆవిరి వెళ్లేదానికి మాత్రం ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు వాడాడు. తర్వాత ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేశాడు. పెడల్ కాలి కింద కాస్త కిందికి దిగింది. సర్వో బతికిందని లెక్క. మీ కారు గ్యారేజీ నుంచి రాగానే ఇది చేసి చూడండి, పైసా ఖర్చు కాదు.

బోల్టు తీసేశామని చెప్పడానికి ఫోన్ చేస్తే హెడ్ మెకానిక్ గారు నొచ్చుకున్నారు.

"తీసేశారా? మరి మళ్లీ సౌండ్ వచ్చేస్తది కదండీ!"