మనశ్శాంతికీ టార్గెట్ పెట్టాలి

హైదరాబాద్ జనానికి టెన్షన్ ఎందుకొస్తోందో ఇన్నాళ్లకి తేలింది. ఒంట్లోని చక్రాలు, అంటే శక్తి కేంద్రాలు, మూసుకుపోవడం వల్లట, హీలింగ్ క్లాసుల వాళ్లు చెప్తున్నారు. రాత్రి పదింటికి వచ్చే క్లయింట్ కాల్ వల్లనో, ఐదో తారీఖున కట్ అయ్యే ఈఎంఐ వల్లనో, సాయంత్రం ఆరున్నరకి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర కదలని కారు వల్లనో అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ల ఆరాలో (ఒంటి చుట్టూ ఉండే కాంతి వలయమట) ఏదో తేడా ఉందన్నమాట.

చేతులతో శక్తి పంపి నయం చేస్తామనే రేకీ సంగతే చూడండి. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి అనే ఆయనకి కురామా కొండ మీద ఉపవాస దీక్షలో ఉండగా ఈ శక్తి అందిందని చెప్తారు. ఆయన పస్తులున్నాడు, మనకి ఒక వీకెండ్ చాలు, లంచ్ కూడా ఫీజులోనే. ఫస్ట్ డిగ్రీలో చేతులు ఆనించి నయం చేస్తారు, సెకండ్ డిగ్రీకొస్తే దూరం నుంచే పంపొచ్చు. కొండాపూర్‌లో కూర్చుని న్యూజెర్సీలో ఉన్న అల్లుడి నడుం నొప్పికి శక్తి పంపే అత్తగార్లున్నారు. నాకు మింగుడుపడనిది ఒక్కటే: శక్తి సముద్రాలు దాటి పోతున్న ఈ రోజుల్లో నిజాంపేట నుంచి గచ్చిబౌలికి ఒక ఎక్సెల్ షీట్ పంపితే మాత్రం కుదరదట, వారానికి మూడ్రోజులు మనిషే వచ్చి కూర్చోవాలట! హెచ్ఆర్ వాళ్లందరికీ వెంటనే సెకండ్ డిగ్రీ ఇప్పించాలని నా మొదటి డిమాండ్.

ఇక సరంజామా. ధనాకర్షణకని చేతికి పైరైట్ బ్రేస్‌లెట్ (ఇనుము, గంధకం కలిసిన రాయి, బంగారంలా మెరుస్తుంది, అంతే), టేబుల్ మీద హిమాలయన్ ఉప్పు దీపం. ఆ ఉప్పు ఎక్కువగా పాకిస్తాన్‌లోని ఖేవ్‌రా గనుల నుంచి వస్తుంది, మంచు కొండలకి చాలా దూరం. అయినా శాంతికి సరిహద్దులేంటి లెండి. లోహపు గిన్నె మోగించి ఆ మోతతో మనసు కుదుటపరిచే టిబెటన్ గిన్నెల వైద్యం ఇంకోటి. మా ఇంట్లో వంటగదిలో గిన్నె మోగిందంటే టెన్షన్ అప్పుడే మొదలయ్యేది, ఇప్పుడు అదే మోతకి డబ్బులిచ్చి చాప మీద పడుకుంటున్నాం.

డబ్బులక్కర్లేనివి లేవా అంటే ఉన్నాయి. విపశ్యన ధ్యాన శిబిరంలో ఫీజు లేదు, పది రోజులు ఫోన్ వాళ్లకిచ్చేసి మౌనంగా కూర్చోవాలి. కానీ ఆ పది రోజుల మౌనానికి సెలవు దొరకాలంటే ముందు నెల రోజులు మేనేజర్‌తో మాట్లాడాలి. చిలుకూరు బాలాజీ దగ్గరైతే హుండీయే లేదు, కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. నా లెక్కలో నిజంగా ఒంటికి పని చెప్పే చికిత్స అదొక్కటే. పైసా అడగడు, సర్టిఫికెట్ ఇవ్వడు, అందుకే ఆయన పేరు లింక్డ్‌ఇన్‌లో ఎవరూ పెట్టుకోరు.

కంపెనీలు కూడా మన బాధ గుర్తించాయి, కాదనను. పని తగ్గించలేదు గానీ శుక్రవారం సాయంత్రం మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ పెట్టాయి. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి, కళ్లు మూసుకోవాలి, ఊపిరి వదిలిన వెంటనే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపాలి. సెషన్‌కి పోయిన గంట పని శనివారం చేసుకోవచ్చు, అందులో మాత్రం పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు.

ఇంత చేసినవాళ్లు ఆ మిగిలిన కాస్తా చేసేస్తే బాగుండు. అప్రైజల్‌లో మనశ్శాంతికి ఒక గడి పెట్టండి. ఐదుకి మూడు కన్నా తక్కువొస్తే పొద్దున ఆరింటికి గిన్నె క్లాసు, అప్పటికీ ప్రశాంతత రాకపోతే మూడు నెలల నోటీసు. గిన్నె ఖర్చు జీతంలో పట్టుకోండి, ఎలాగూ పట్టుకుంటారు.