లుంగీ గారూ, తమరు బండి దిగాలి

మహారాజశ్రీ గళ్ల లుంగీ గారికి,

ఉభయకుశలోపరి. తమరు అరుగు మీద సుఖంగానూ, బండి మీద దేవుడి దయ వల్లా క్షేమమని తలుస్తాను.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. రోహిణి కార్తె మధ్యాహ్నం కరెంటు పోతే గోదావరి జిల్లాల మగాడి ప్రాణం నిలబెట్టేది తమరే. కొలతలక్కర్లేదు, దర్జీ అక్కర్లేదు. సంక్రాంతి అరిసెలకి నడుం పెరిగినా ముడి కాస్త జరిగి సర్దుకుంటుంది. జేబు లేదన్న లోటు కూడా రొంటి తీరుస్తుంది. ఇంత సుఖాన్ని ఏ దేశపు కంపెనీ ఇంతవరకూ కుట్టలేదు.

నా పేచీ అల్లా బండి దగ్గర. అంబాజీపేటలో కొబ్బరికాయల ధర కనుక్కోవడానికనీ, రావులపాలెంలో అరటిగెలల బేరానికనీ, "ఇక్కడికేగా" అంటూ తమర్ని మోకాళ్ల పైకి ఎగ్గట్టి బండి తీసేస్తారు. సెంటర్లో పోలీసులుంటారని తల మీద హెల్మెట్టు మాత్రం పెడతారు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను తలకాయ సంగతి చెప్పి ఊరుకుంది, కాళ్ల ఊసెత్తలేదు. అలాగని బట్టల సంగతి సర్కారుకి తెలియదనుకోకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చుట్టుకోకుండా చక్రానికి సగమైనా కాపు ఉండాలంటుంది. మనం దానికి చీర గార్డని పేరెట్టి ఆడవాళ్ల ఖాతాలో రాసేశాం. బండి అందం చెడుతోందని కుర్రాళ్లు ముందు పీకించేదీ దాన్నే. వెనకాల తమర్ని కట్టుకుని కూర్చున్న బాబాయి గారి అంచు గాలికి ఎగురుతూ ఉంటుంది, చక్రం కింద తిరుగుతూ ఉంటుంది.

మన రోడ్ల సంగతి తమరికి వేరే చెప్పాలా? దాళ్వా కోతలైతే సగం రోడ్డు కళ్లం. ధాన్యం ఎత్తేశాక బరకాం అంచున పెట్టిన రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి, వచ్చే ఏడు కూడా అవసరమేగా. భీమవరం వైపు చేపల లారీ ముందు పోతుంటే కారిన నీళ్లు మలుపు పొడుగునా జారుడు. కాలవగట్టు మీద ట్రాక్టరు చక్రాలు ఈడ్చుకొచ్చిన బంకమట్టి ఒక్క చినుకు పడితే చాలు, బండి ఎటు పోవాలో అదే చెబుతుంది. అక్కడ పడ్డవాడికి ముందు నేలకి తగిలేవి మోకాలూ, తుంటీ. ఆ సమయానికి తమరు నడుం దగ్గర ఎక్కడో ఉంటారు.

బండి నడిపేటప్పుడు తొడిగే రైడింగు బట్టలకి యూరప్ వాళ్ల దగ్గర ఈఎన్ 17092 అని ఒక ప్రమాణం ఉంది. గుడ్డ ముక్కని యంత్రానికి కట్టి, గిర్రున తిప్పి, కాంక్రీటు పలక మీదికి వదులుతారు. ఎక్కువగా ఒరుసుకునే చోట వాడే గుడ్డకైతే "ఏ" తరగతికి గంటకి 45 కిలోమీటర్ల వేగం, ఏఏకి 70, ఏఏఏకి 120 లెక్కన. పెద్ద బొక్క పడకుండా ఆగితే పాసు. తమర్ని కూడా పంపిద్దామనుకున్నాను గానీ, కాంక్రీటు ఎదుట తమరి పరువు తీయడం ఇష్టం లేకపోయింది. మామూలు జీన్సు కూడా మురిసిపోనక్కర్లేదు. చూపుకి మందమే గానీ తారు మీద అదీ తమరి తమ్ముడే.

తమరి బదులు ఉద్యోగానికి వచ్చిన రైడింగు ప్యాంటు మాత్రం తక్కువ తిన్నదా? మొదట దుకాణంలో చూపించేది నల్లటి ఏఏఏ, లోపల వాన నీళ్లాపే పొర, దాని లోపల చలికోటు పొర. చలి! అమలాపురంలో! మే నెలలో అది తొడుక్కుని ఎదుర్లంక వారధి దాటేసరికి మనిషి ఉడికిపోతాడు. మర్నాటి నుంచి అది గోడ కొక్కేనికి వేలాడుతూ ఆ కొక్కేన్ని భద్రంగా కాపాడుతూ ఉంటుంది. తోలుదైతే ముసురు పట్టిన వారంలోనే బూజు. అందుకే మన ఉక్కపోతలో సుఖం కూడా రక్షణలో భాగమేనని నా వాదన. కాలవగట్టు వేగాలకి ఏఏ దండి. తొడల ముందూ పిక్కల వెనకా జాలీ గుడ్డ ఉండాలి, మోకాలూ తుంటీ పిర్రల దగ్గర మాత్రం చిక్కటి గుడ్డ. వాన పొర లోపల వద్దు. పైగుడ్డ తడిసి బరువెక్కుతుంది, లోపల చెమట ఆరదు. వానొస్తే పైన రెయిన్‌కోటు ప్యాంటు లాక్కోవడమే మేలు.

తరగతి పేరులో "బి" అని ఉంటే ఒరుపుకి ఆగుతుంది గానీ మోకాలికీ తుంటికీ దెబ్బ కాచే మెత్తలుండవు. మెత్తల చీటీ మీద వాటి ప్రమాణం ఈఎన్ 1621-1, దాని పక్కన 1 గానీ 2 గానీ ఉంటుంది. దెబ్బ కొట్టి చూసినప్పుడు అవతలికి దిగే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే ఒకటో స్థాయి, 20 మించకపోతే రెండోది. రెండోదే తీసుకోవాలి. మోకాలి చిప్ప పగిలితే అయ్యే ఖర్చు ముందు ధరలో తేడా ఏపాటిది? పేరుకి మెత్తలని లోపల పల్చటి స్పాంజి కూరి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. జిప్పు తీసి చూడకుండా డబ్బులివ్వకూడదు.

ఇక అద్దం ముందు నిలబడి చూసుకోవడం శుద్ధ దండగ. నిలబడ్డప్పుడు మోకాలి మీద బుద్ధిగా ఉన్న మెత్త, కూర్చోగానే తొడ మీదికి పాకుతుంది. పొడుగు కూడా జానెడు పైకి పోయి చీలమండ బయటపడుతుంది. అందుకని బండెక్కి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి చూసుకోవాలి. మోకాలి పైనా నడుం వెనకా సాగే ముడతల గుడ్డ ఉంటే ఊపిరాడుతుంది. "బండి లోపలికి తెస్తారాండీ?" అని దుకాణదారుడు వెటకారం చేస్తాడు. "ఆయ్, మేమే బయటికొస్తామండి" అనాలి.

పెళ్లిళ్లకెలా అంటారా? పక్కల నిలువునా జిప్పులున్న ఓవర్‌ప్యాంటు దొరుకుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బళ్లని దాటించే పడవ, మీద నిలబడి వశిష్ఠ గోదావరి దాటేలోపు విప్పేయవచ్చు, బూట్లు కూడా తీయక్కర్లేదు. అవతల నరసాపురంలో కింద ఇస్త్రీ నలగని ప్యాంటుతో దిగవచ్చు.

కాబట్టి తమరి సేవలు ఇకపై అరుగుకీ, మంచానికీ, చెరువు గట్టు దాకా కాలినడకకీ పరిమితం. జీతంలో కోత లేదు. బండి తాళాలు ప్యాంటు గారికి అప్పగించగలరు.

ఇట్లు,
తమరి ముడిని నమ్మి ఇన్నాళ్లూ బతికిన ఒక నడుం

తా.క.: తమరిని ఉతికినట్టు కొత్తాయన్ని ఉతక్కూడదని ఇంట్లో చెప్పగలరు. లోపలి పసుపుపచ్చ అస్తరు కెవ్లార్, 1965లో రసాయనాల కంపెనీ డుపాంట్‌లో స్టెఫానీ క్వోలెక్ కనిపెట్టిన దారం. నైలానులా వేడికి కరిగి చర్మానికి అంటుకోదు గానీ, బ్లీచింగ్ పౌడరుకీ ఎండకీ మాత్రం నీరసిస్తుంది. డాబా మీద తిరగేసి ఆరేయొద్దు. నీడన ఆరేయండి, మెత్తలు తీసి.